ప్రస్తుత చిరునామా: ఇష్టమైతేనే పూరించండి

"మీ నమ్మకమే మా ఊపిరి" అని మొదలుపెట్టారు ఆ ఉత్తరం. ఛీ! ఊపిరట, ఊపిరి! అది ఆగిపోయినా పీడా విరగడయ్యేది.

రాసింది మా చెల్లెలి బ్యాంకు. ఎవరో దొంగలు వాళ్ల కంప్యూటర్లలోకి దూరి లక్షలమంది ఖాతాదారుల వివరాలు ఎత్తుకుపోయారు. పేపర్లో వచ్చింది, టీవీలో వచ్చింది. ఎవరెవరి వివరాలు పోయాయో వాళ్లకి చెప్పి తీరాలని చట్టం ఉందట. అందుకని తలో ఉత్తరం పంపారు. ఉత్తరం కింద ఎంతో బాధ్యతగా ఒక పట్టిక కూడా వేశారు: 'తస్కరణకు గురైన మీ వివరాలు ఇవి.' పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, పనిచేసే చోటు, ప్రస్తుత చిరునామా. ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు, మెట్లకి ఎడమా కుడా, అన్నీ తప్పు లేకుండా అచ్చేశారు.

ఆ ఉత్తరం మా చెల్లెలికి రాలేదు. దాని మొగుడికి వెళ్లింది.

మా చిన్నది, ఇంట్లో దాన్ని అందరం అలాగే పిలుస్తాం, రెండేళ్ల కిందట మొగుణ్ణి వదిలేసి కట్టుబట్టలతో బయటికొచ్చింది. ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పను. దానికి ఎడమ చెవి వినపడదు, అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు, అంతే చెబుతాను. ఆయన్ని నేను 'పెద్దమనిషి' అంటాను. పైకి చూస్తే నిజంగా పెద్దమనిషే. గొంతు పెంచడు, 'అండీ' లేకుండా నోరు విప్పడు, చొక్కా మీద ముడత ఉండదు. అలాంటివాణ్ణి చూస్తే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది.

చిన్నది ఊరికి ఆ చివర ఒక గది తీసుకుంది. కళ్లద్దాల షాపులో పనికి కుదిరింది. అద్దాన్ని ఫ్రేముకి సరిపడేలా అరగదీయడం దాని పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటికొస్తుంది. అంత తేడా కూడా రానివ్వని చెయ్యి దానిది. ఏడాది తిరిగేసరికి కాస్త ఒళ్లు చేసింది, నవ్వడం మొదలుపెట్టింది, నా మీద జోకులు కూడా వేసేది. ఆ గది ఎక్కడుందో ఆయనకి తెలియకపోవడం, దాని బతుకంతా ఆ ఒక్కదాని మీదే నిలబడి ఉండేది.

ఒక ఆదివారం పొద్దున తలుపు కొట్టిన చప్పుడయింది. తీసింది. పెద్దమనిషి నుంచుని ఉన్నాడు, చేతిలో బ్యాంకు కవరు.

"నీకొచ్చిన ఉత్తరం మనింటికొచ్చింది. ఇచ్చిపోదామని" అన్నాడట. దాని భుజం మీదుగా గదంతా ఒకసారి చూసి, "కిటికీ పెద్దదే" అన్నాడట. చిన్నది తలుపు వేసేసింది. కవరు తలుపు కిందనుంచి లోపలికి తోసి, "మళ్లీ వస్తాలే" అని వెళ్లిపోయాడు.

పోలీసు స్టేషనుకి వెళ్లాం. రాసుకునేవాడు కలం ఆపి, "తలుపు కొట్టాడు గానీ మిమ్మల్ని కొట్టలేదు కదమ్మా" అన్నాడు, అదో పెద్ద చమత్కారమైనట్టు. పక్కనున్న ఇంకొకడు నవ్వాడు కూడా. ఇద్దరి మొహాలమీదా ఉమ్మేయాలనిపించింది. చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

అక్కణ్ణుంచి తిన్నగా బ్యాంకుకి. గాజు గది, చల్లటి గాలి, కౌంటరు వెనక నున్నగా దువ్వుకున్న ఒక కుర్రాఫీసరు. నేనే మాట్లాడాను, చిన్నది నా పక్కనే నుంచుంది.

"పోయినేడు అడ్రసు మార్చమని ఫారం ఇచ్చాం. నేనే దగ్గరుండి రాయించాను. మరి పాతింటికి ఉత్తరం ఎందుకు పంపారు?"

ఆయన కంప్యూటర్లోకి చూశాడు. "మార్చామండీ. ఇదుగో, కొత్త అడ్రసు ఉంది."

"మారిస్తే పాతది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"పాతది తీసెయ్యలేదు మేడం. కొత్తది కలిపాం. మా సిస్టంలో మార్పు అంటే కలపడమే. తీసెయ్యాలంటే 'తొలగింపు' అని వేరే ఫారం ఉంటుంది. మీరు అడగలేదు."

చొక్కా మార్చుకోమంటే ఉన్నదాని మీద ఇంకోటి తొడుక్కునే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ ముక్కే అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వాడు. వాళ్లకి ఆ నవ్వు జీతంతోపాటు ఇస్తారేమో.

"ఇంతకీ అకౌంట్లోంచి ఏమైనా పోయిందా మేడం?"

"లేదు."

"పైసా కూడా పోలేదు కదా. మరి మీకు కలిగిన నష్టం..." అని ఆపేసి, చేతులు రెండూ గాల్లో విప్పి చూపించాడు. ఏమీ లేదని అర్థం.

నాది బట్టలు శుభ్రం చేసి ఇస్త్రీ చేసిచ్చే షాపు. ఇరవై రెండేళ్లుగా నడుపుతున్నాను. బట్ట మీద పిన్నుతో గుచ్చే చీటీలో మేం పేరు రాయం, నంబరే. ప్రతి జేబూ తడమందే మిషన్లో వెయ్యం. దొరికింది కవరులో పెట్టి, అంటించి, నోరు మూసుకుని ఇస్తాం. ఎవరి జేబులో ఎవరి ఫొటో ఉందో, ఎవరి కోటులో ఏ డాక్టరు రాసిన మందుల చీటీ ఉందో నాకు తెలిసినంత ఈ వీధిలో ఎవరికీ తెలియదు. ఒక్క మాట ఈ గుమ్మం దాటలేదు. పిండితే నీళ్లు కారే ఈ కొట్టుకి ఉన్న సిగ్గు ఆ అద్దాల మేడకి లేకపోయిందే అని ఒళ్లు మండిపోయింది.

మా షాపుకి వాడుకగా వచ్చేవాళ్లలో ఒక లాయరమ్మ ఉంది. నెలకోసారి నల్లకోటు తెస్తుంది. ఆ వారం ఆమె రాగానే కోటు పక్కన పెట్టి ఉత్తరం చేతికిచ్చాను. నుంచునే చదివింది. రెండోసారి స్టూలు లాక్కుని కూర్చుని చదివింది.

"ఫోనుకి మెసేజ్ ఏమైనా వచ్చిందా? కూపన్ ఇస్తామనీ, ఒకటి నొక్కమనీ?" అని, నా పక్కనే ఉన్న చిన్నదాన్ని అడిగింది.

వచ్చింది. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ, ఏడాదిపాటు ఉచిత హెచ్చరికల సేవ, ఒక షాపింగ్ కూపన్. స్వీకరించుటకు ఒకటి నొక్కండి.'

"నొక్కేశావా?"

"ఇంకా లేదండీ. రేపు నొక్కుదామనుకున్నా. మా షాపులో వాళ్లకీ వచ్చింది, అందరూ నొక్కేశారు."

"అమ్మయ్య! ఇలా ఇవ్వు." లాయరమ్మ ఆ మెసేజ్ కిందకి జరుపుతూ పోయింది. చీమ తలకాయంత అక్షరాల దగ్గర ఆగింది. "ఇదుగో. 'స్వీకరించినవారికి ఈ విషయమై ఇకపై ఎట్టి అభ్యంతరమూ లేనట్లు భావించబడును.' నొక్కావో, నీ నోరు నువ్వే కుట్టేసుకున్నట్టు."

థూ! దొంగలు నయం. వాళ్లు కూపన్ ఇచ్చి దోచుకోరు.

లాయరమ్మ తాపీగా చెప్పుకొచ్చింది. ముందు బ్యాంకులోనే ఫిర్యాదులు చూసే అధికారి ఒకరుంటారు, వాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వాలి. నెల్లాళ్లు గడువు. అప్పటికీ సమాధానం లేకపోయినా, ఉన్నది పనికిరాకపోయినా, బ్యాంకులన్నిటి మీదా ఉండే పై అధికారి దగ్గరికి పోవచ్చు, అక్కడ ఖర్చు ఉండదు. అదీ కాదంటే వినియోగదారుల కోర్టు. వివరాలు పోయినవాళ్లంతా ఒక్కటై వేసే కేసు కూడా ఒకటి తయారవుతోందట.

"దాంట్లో చేరిపోతే పోదా?" అన్నాను.

"చేరొచ్చు. కానీ అక్కడ అందరిదీ ఒకటే నష్టం కింద లెక్క. తలా ఇంత పారేసి పొమ్మంటారు. మీ చెల్లెలిది దొంగలు చేసిన నష్టం కాదమ్మా, ఉత్తరం చేసిన నష్టం. విడిగానే వెయ్యాలి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంటోందో ఏ కాగితం మీదా రాయొద్దు. ఉత్తరాలకి నా ఆఫీసు అడ్రసు ఇవ్వండి."

అప్పటికి చిన్నది ఆ గది ఖాళీ చేసేసింది. పెద్ద కిటికీ వదిలేసి, నర్సుగా చేసి రిటైరయిన ఒకావిడ ఇంట్లో వెనకవైపు గదిలో చేరింది. అక్కడ కిటికీ పక్కింటి గోడకి తెరుచుకుంటుంది. "గాలి రాదు గానీ గోడ మాత్రం బాగుందక్కా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది.

ఫిర్యాదు ఫారం నేనే నింపాను. చిన్నదానికి షాపులో సెలవు దొరకలేదు, సంతకం పెట్టేసి ఇచ్చింది. కౌంటరు మీద బట్టలు పక్కకి జరిపి, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. 'నష్టం, అంకెలలో' అన్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరికి అక్షరాల్లో రాశాను: ఇల్లు. ఉత్తరాలకి చిరునామా దగ్గర లాయరమ్మ ఆఫీసు రాశాను. దాని కింద ఇంకో గడి. 'ప్రస్తుత నివాస చిరునామా'. పక్కన చిన్న అక్షరాల్లో: ఇష్టమైతేనే పూరించండి.

మా షాపు చీటీలో ఒక్క గడి ఖాళీగా ఉండకూడదు. మరక ఎక్కడుంది, గుండీ ఊడిందా, లోపలి గుడ్డ చిరిగిందా, అన్నీ రాస్తాం. ఏమీ లేకపోతే 'లేదు' అని రాస్తాం. ఖాళీ వదిలితే రేపు గొడవ. చెయ్యి అలా అలవాటు పడిపోయింది. ఎవరూ అడగలేదు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. నా గుండ్రటి అక్షరాలతో నర్సమ్మగారి ఇంటి నంబరు, వీధి, వెనకవైపు గది అని కూడా రాసి, ఫారం నిండుగా కనిపిస్తుంటే తృప్తిగా మడిచి కవరులో పెట్టాను.

ఇరవై ఆరో రోజున పెద్దమనిషి మా షాపుకొచ్చాడు. పొద్దున పదకొండు గంటలు, నేనొక్కదాన్నే ఉన్నాను. కౌంటరు మీద ఒక కవరు పెట్టి, నా వైపు తిప్పి, వేలితో మెల్లిగా జరిపాడు.

"వదినగారూ, మీ చేతిరాత ఎంత ముద్దుగా ఉందండీ! ఒక్క కొట్టివేత లేదు."

కవరులో బ్యాంకు జవాబు. 'మీ ఫిర్యాదు అందినది. పరిశీలనలో ఉన్నది. మీ నమ్మకమే...' సరే, అదే చెత్త. జవాబు వెనక పిన్నుతో గుచ్చి, 'మీ సౌకర్యార్థం' అట, నేను నింపిన ఫారం నకలు. ఒక ప్రతి లాయరమ్మకి పంపారు. ఇంకొకటి రికార్డులో ఉన్న పాత చిరునామాకి.

ఆయన మొహం చూస్తే అసహ్యం, ఆ కాగితం చూస్తే అసహ్యం, కౌంటరు మీద ఆనించిన నా చెయ్యి చూసుకుంటే అన్నిటికంటే ఎక్కువ అసహ్యం వేసింది.

"బయటికి నడు. ఇంకోసారి ఈ మెట్టెక్కావో, ఆ వేడి ఇస్త్రీపెట్టె నీ మొహాన పెడతా" అన్నాను.

"కోపమెందుకండీ, చెప్పిపోదామని వచ్చా" అని, చొక్కా చేతులు సవరించుకుని వెళ్లిపోయాడు.

చిన్నదానికి ఫోన్ చేశాను. ఏం రాశానో, ఎలా రాశానో దాచకుండా చెప్పాను. అవతల అద్దం అరగదీసే చక్రం తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. చక్రం ఆపి, "సర్లే అక్కా" అంది. తిడితే బాగుండేది.

ఆ సాయంత్రమే సామాను తెచ్చుకుని మా షాపు వెనక గదిలో బట్టల మూటల మధ్య చేరింది. ఏడు నెలలు అక్కడే ఉంది. పెద్దమనిషి మెట్టెక్కలేదు. వారానికి రెండు మూడు సాయంత్రాలు ఎదురుగా బస్టాపులో బెంచీ మీద కూర్చునేవాడు, అంతే. బెంచీ మీద కూర్చోవడం నేరం కాదట. స్టేషనులో మళ్లీ అదే మనిషి చెప్పాడు. చిన్నది షాపు ముందు వాకిలి నుంచి రావడం మానేసి, వెనక సందులోంచి చెత్తడబ్బాలు దాటుకుంటూ వచ్చేది.

బ్యాంకులన్నిటి మీదా ఉండే ఆ పై అధికారి దగ్గర తేలింది ఏమిటంటే, 'ఆర్థిక నష్టం నిరూపణ కాలేదు.' అప్పుడు వినియోగదారుల కోర్టుకి వెళ్లాం.

ఆ గది మా షాపంత ఉంటుందేమో. బల్ల వెనక తెల్లజుట్టు ఆవిడ, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. బ్యాంకు లాయరు బూట్లలో మొహం చూసుకోవచ్చు. నా ఫారం పైకెత్తి చూపించాడు.

"ఫిర్యాదుదారు సొంత అక్కగారే, తన చేత్తో, ఎవరూ అడగకుండా, ఇష్టమైతేనే నింపాల్సిన గడిలో ఈ చిరునామా రాశారు మేడం. ఇందులో బ్యాంకు తప్పేముంది?"

అందరూ నా వైపు చూశారు. అబద్ధమైతే లేచి కడిగిపారేసేదాన్ని. నిజం కాబట్టి, అవునని తలాడించాను.

తెల్లజుట్టావిడ కళ్లజోడు తీసింది. "ఆవిడ రాసింది మీకు. మీరెవరికి పంపారు?"

"రికార్డులో ఉన్న చిరునామాలకి, మేడం. పద్ధతి ప్రకారం."

"అసలు ఈ ఫిర్యాదు దేని గురించి?"

లాయరు కాగితాలు తిరగేశాడు. "పాత చిరునామాకి ఉత్తరం పంపారని..."

"ఆ ఫిర్యాదు అందిందని చెప్పడానికి ఉత్తరం ఎక్కడికి పంపారు?"

ఆమె చిన్నదాని వైపు తిరిగింది. "నీకు జరిగిన నష్టం ఏమిటో నువ్వు చెప్పమ్మా."

చిన్నది వినపడే చెవి అటు తిప్పి, మళ్లీ అడగమంది. విన్నాక లేచి నుంచుంది. "ఆ ఇంట్లోంచి నేనేమీ తెచ్చుకోలేదండీ. నేనెక్కడున్నానో ఆయనకి తెలీదు, నాకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని రెండుసార్లు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టారు. అంకెల్లో ఎంతో నాకు తెలీదు."

గెలిచాం. తప్పు పూర్తిగా బ్యాంకుదేనన్నారు. పరిహారం ఇవ్వమన్నారు, పాత చిరునామా రికార్డులోంచి తీసేసి నెలలోగా రుజువు చూపించమన్నారు. పేపరులో లోపలి పేజీలో నాలుగు లైన్లు కూడా వచ్చాయి. బయట వరండాలో బ్యాంకు తరపు మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, చిన్నదాని ముందు ఒక కాగితం పెట్టాడు. "మేడం, చెక్కు పంపించాలి కదా, మీ ప్రస్తుత చిరునామా ఒక్కసారి ఇక్కడ..."

ఆ కాగితం నేను లాక్కుని నాలుగు ముక్కలు చేసి ఆయన జేబులోనే కుక్కాను. లాయరమ్మ పగలబడి నవ్వింది. చిన్నది నవ్వలేదు.

ఆ మర్నాడు పొద్దున నేను షాపు తెరిచేసరికి దాని సంచీ సర్ది ఉంది. వేరే ఊళ్లో కళ్లద్దాల షాపులో పని చూసుకుందట, ఎప్పుడో నెల కిందటే.

"ఏ ఊరే?" అన్నాను.

"చెప్పను."

"ఏంటే, నాక్కూడానా?"

"నీకే చెప్పకూడదక్కా." నెమ్మదిగానే అంది. "నీ మీద కోపం లేదు. ఒట్టు. నువ్వు కాకపోతే నేనీ పాటికి ఏమయ్యేదాన్నో. కానీ నీకు తెలిస్తే ఎక్కడో ఒకచోట రాస్తావు. వాడొచ్చి నీ మొహంలోకి చూస్తే దొరికిపోతావు. నీకు తెలీకపోతే నువ్వు ధైర్యంగా తిట్టొచ్చు."

నేను! ఊరందరి జేబులూ చూసి నోరు మెదపనిదాన్ని! అరవాలని నోరు తెరిచాను. ఆ ఫారం మీద నా గుండ్రటి అక్షరాలు కళ్లముందుకొచ్చేసరికి నోరు మూసేశాను.

పది గంటలకి, ఆయన ఆఫీసులో ఉండే వేళ చూసుకుని, వెనక సందులోంచి బయల్దేరాం. సంచీ నేనే మోశాను. పెద్దరోడ్డు మలుపు దగ్గర అది నా చేతిలోంచి సంచీ తీసుకుంది. అక్కడ నాలుగు వైపులకీ వెళ్లే బస్సులు ఆగుతాయి.

"ఇక్కడిదాకా చాలు. నువ్వెళ్లు. నేనే ఫోన్ చేస్తా. వెనక్కి తిరిగి చూడకక్కా."

తల నిమిరాను. వినపడని చెవి మీద ముద్దు పెట్టుకున్నాను. తిరిగి నడిచాను. పది అడుగులు వేశానో లేదో వెనక బస్సు ఆగిన చప్పుడు, తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడ్డాయి. కండక్టరు గట్టిగా ఊరి పేరు అరవబోతున్నాడని తెలిసి, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, షాపుదాకా అలాగే నడిచాను.